వార్డులో తీరిక ఉన్నది మీకే

(ఒక జిల్లా ప్రభుత్వ వైద్య కళాశాలలో క్లినికల్ పోస్టింగులు మొదలయ్యే ముందు రోజు, రెండో సంవత్సరం ఎంబీబీఎస్ విద్యార్థులతో జనరల్ మెడిసిన్ అధ్యాపకురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

రేపటి నుంచి మీరు వార్డుల్లోకి వస్తున్నారు. సంబరం, టెన్షన్ రెండూ మీ ముఖాల్లో కనిపిస్తున్నాయి. కొత్త ఏప్రాన్లు కుట్టించుకున్నారు, స్టెతస్కోపులు కొనుక్కున్నారు. ఏ యూనిట్లో చీఫ్ గట్టిగా అడుగుతారు, ఎక్కడ అటెండెన్స్ కష్టం, ఇవన్నీ సీనియర్లు ఈపాటికే చెప్పేసి ఉంటారు. వాటి జోలికి నేను పోను. నాకు చెప్పాలని ఉన్నది ఒక్కటే విషయం, దాన్నే నాలుగైదు రకాలుగా చెబుతాను.

వార్డులో అడుగుపెట్టిన మొదటి వారంలోనే మీకు ఒక దిగులు పట్టుకుంటుంది. "మనవల్ల ఇక్కడ ఎవరికీ ఉపయోగం లేదు" అనిపిస్తుంది. సెలైన్ పెట్టడం రాదు. మందు రాసే అధికారం లేదు. ఎక్కడ నిలబడ్డా ఎవరో ఒకరు "కొంచెం జరుగమ్మా" అంటారు. దాంతో చాలామంది గోడకు ఆనుకుంటారు, కొన్నాళ్లకు ఫోన్ తీస్తారు, ఇంకొన్నాళ్లకు సంతకం పెట్టి లైబ్రరీకి పోతారు. ఏటా ఈ వరస చూస్తూనే ఉన్నాను, చూసిన ప్రతిసారీ బాధేస్తుంది. ఎందుకంటే ఆ వార్డులో ఇంకెవ్వరి దగ్గరా లేనిది మీ దగ్గర ఉంది. తీరిక ఉంది.

ఉదయం తొమ్మిదికి మన ఫిమేల్ మెడికల్ వార్డు ఎలా ఉంటుందో రేపు చూస్తారు. నైట్ డ్యూటీ సిస్టర్ పగటి సిస్టర్‌కు ఒక్కో బెడ్డూ అప్పజెబుతూ ఉంటుంది. ఆయమ్మ తడిగుడ్డ పెడుతూ, మంచాల కింద పడుకున్న పేషెంట్ల తాలూకు వాళ్లను లేపుతుంటుంది. హౌస్ సర్జన్ ఒక చేతిలో బ్లడ్ శాంపిళ్లు, ఇంకో చేతిలో స్కానింగ్ చీటీలతో పరుగు మీద ఉంటాడు. మనది కొత్త కాలేజీ, పీజీలు, అంటే ఎంబీబీఎస్ అయ్యాక పై చదువు చదివే డాక్టర్లు, తక్కువ. ఉన్న ఒకరిద్దరూ రాత్రంతా అడ్మిషన్లు చూసి, నిద్ర లేని కళ్లతో రౌండ్స్‌కు కేస్ షీట్లు సిద్ధం చేస్తుంటారు. మేము ఒక గంటలో రౌండ్స్ ముగించి ఓపీకి వెళ్లాలి. అక్కడ చీటీలు పట్టుకుని వరండా దాకా జనం. ఒక్కొక్కరికి రెండు మూడు నిమిషాలు ఇవ్వగలిగితే గొప్ప. వీళ్లలో ఎవరికీ మనసు లేక కాదు, సమయం లేక పేషెంట్ చెప్పేది సగంలో ఆపేస్తారు. తొమ్మిది నుంచి పన్నెండు దాకా మూడు గంటలు ఒక స్టూల్ లాక్కుని మంచం పక్కన కూర్చోగలిగేది మీరొక్కరే.

దాని విలువ ఏమిటో చెబుతాను.

నాట్లప్పుడు, కోతలప్పుడు మన క్యాజువాల్టీకి పాముకాట్లు ఎక్కువగా వస్తాయి. పింజర జాతి పాము కరిస్తే రక్తానికి గడ్డకట్టే గుణం పోతుంది. అది పోయిందా లేదా తెలుసుకోవడానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. పొడిగా, శుభ్రంగా ఉన్న గాజు ట్యూబులో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసుకుని, కదపకుండా 20 నిమిషాలు ఉంచాలి. తర్వాత ఒక్కసారి వంచి చూడాలి. గడ్డకట్టి ఉంటే నిలుస్తుంది. కట్టకపోతే నీళ్లలా జారుతుంది, అంటే యాంటీ వెనమ్, పాము విషానికి విరుగుడు మందు, మొదలుపెట్టాలి. ట్యూబు ప్లాస్టిక్‌ది అయినా, సబ్బుతో కడిగినదైనా ఫలితం తప్పుతుంది. ఎవరో వచ్చి మధ్యలో ఊపి చూసినా తప్పుతుంది. పరీక్ష ఇంతే. అయితే రద్దీగా ఉన్న క్యాజువాల్టీలో దొరకనివి ఆ 20 నిమిషాలే. ట్యూబు స్టాండులో పెట్టినవాళ్లు ఇంకో కేసుకు వెళతారు, గంట తర్వాత గుర్తొస్తుంది.

పోయినేడాది మీ సీనియర్ అమ్మాయి ఒకామె ఆ ట్యూబు పక్కన కూర్చుంది. కూలికి వెళ్లిన మనిషి, మడమ దగ్గర కాటు, కాలు అప్పటికే ఉబ్బుతోంది. ఆమె గడియారం చూసి, ట్యూబుకు ప్లాస్టర్ అంటించి దాని మీద టైమ్ రాసింది. ఆ కాసేపట్లో అతని భార్యతో మాట్లాడింది. కాటు వేసింది ఎప్పుడో, కాలికి కట్టు ఎంతసేపు ఉంచారో, మొదట ఎక్కడికి తీసుకెళ్లారో అన్నీ తెలుసుకుంది. మాటల మధ్యలో అతను ఉమ్మి తువ్వాలుతో తుడుచుకున్నాడు. తువ్వాలుకు ఎర్రగా అంటింది. నోరు తెరిపించి ఫోన్ లైటు వేసి చూస్తే చిగుళ్ల చుట్టూ రక్తం. టైమ్ కాగానే ట్యూబు వంచింది. రక్తం జారింది. పీజీని పిలిచింది. యాంటీ వెనమ్ ఎక్కుతున్నప్పుడూ అక్కడే ఉంది. ఎందుకంటే మొదటి నిమిషాల్లో దురద, దద్దుర్లు, ఆయాసం వస్తాయేమో ఎవరో ఒకరు కనిపెట్టి చూడాలి, వస్తే వెంటనే ఇవ్వడానికి అడ్రినలిన్ సిద్ధంగా ఉండాలి. ఆ రోజు ఆమె ఒక్క సూది కూడా వేయలేదు. అయినా ఆ కేసు చూసింది ఆమే అని మా యూనిట్లో అందరం అంటాం.

ఇప్పుడు హిస్టరీ, అంటే పేషెంటును అడిగి జబ్బు కథ తెలుసుకునే సంగతికి వద్దాం. కేస్ ప్రెజెంట్ చేయడానికి మీకొక వరస నేర్పుతాం. ముఖ్యమైన బాధ ఏమిటి, ఎప్పటినుంచి, గతంలో ఏ జబ్బులు, ఇంట్లో ఎవరికి ఏమున్నాయి, అలవాట్లు. ఆ వరస తప్పకుండా నేర్చుకోండి, పరీక్షలో అదే కాపాడుతుంది. కానీ ఆ వరసలో ప్రశ్నలు గబగబా వేసేస్తే పేషెంటు పోలీసులకు చెప్పినట్టు ముక్తసరిగా జవాబులిస్తుంది. మొదటి ప్రశ్న వేశాక ఊరుకోండి. ఆమెనే చెప్పనివ్వండి.

షుగర్‌తో పదే పదే అడ్మిట్ అయ్యే ఒక పెద్దావిడ ఉండేది. వచ్చినప్పుడల్లా చక్కెర బాగా పెరిగి ఉండేది, ప్రతిసారీ ఇన్సులిన్ డోసు పెంచి పంపేవాళ్లు. ఇక్కడ ఉన్నన్నాళ్లూ బాగానే ఉండేది, ఇంటికెళ్లాక మళ్లీ మొదటికి. "ఇంజెక్షన్ సరిగ్గా చేసుకుంటున్నావా?" అని అందరూ అడిగారు. "చేసుకుంటున్నా" అని అందరికీ చెప్పింది. ఒక కుర్రాడు మాత్రం ఆమె దగ్గర కూర్చుని, పొద్దున లేచింది మొదలు రాత్రి దాకా ఏం చేస్తావమ్మా అని అడిగాడు. అప్పుడు బయటపడింది. ఇంట్లో ఫ్రిజ్ లేదు. ఇన్సులిన్ పక్కింటివాళ్ల ఫ్రిజ్‌లో పెడుతుంది. వాళ్లు తలుపు వేసుకుని ఊరెళితే అన్ని రోజులూ ఇంజెక్షన్ లేనట్టే. ఆ మాట డాక్టర్లకు చెప్పడానికి ఆమెకు సిగ్గు, పక్కింటివాళ్ల మీద చాడీ చెప్పినట్టవుతుందని భయం. విప్పిన ఇన్సులిన్ సీసా మరీ వేడి తగలకుండా చూసుకుంటే నాలుగు వారాల దాకా బయట ఉంచవచ్చు. తడి ఇసుక పోసిన మట్టికుండలో చిన్న ముంత పెట్టి, సీసాను తడవకుండా అందులో నీడపట్టున ఉంచితే మన ఎండల్లో కూడా చాలావరకు నడుస్తుంది. ఆ కుర్రాడు మమ్మల్ని అడిగి, ఆమెకు అదంతా వివరించి పంపాడు. ఆమెకు కావలసింది ఎక్కువ డోసు కాదని మాకు చెప్పింది అతనే.

ఆర్ఎంపీల సంగతీ అంతే. మన పల్లెల్లో జ్వరం వచ్చినా, ఒళ్లునొప్పులు వచ్చినా మొదట వెళ్లేది వాళ్ల దగ్గరికే. "బయట ఏమైనా ఇంజెక్షన్లు చేయించుకున్నారా?" అని గద్దించి అడిగితే ఎవరూ ఒప్పుకోరు, తిడతామని తెలుసు కాబట్టి. కిడ్నీలు దెబ్బతిని వచ్చిన మనిషి నెలల తరబడి నొప్పి గోళీలు మింగాడా, స్టెరాయిడ్ సూదులు పొడిపించుకున్నాడా అన్నది మాకు ఎంతో ముఖ్యం. తప్పు పట్టకుండా, ఊళ్లో అక్క అడిగినట్టు అడిగితే దిండు కింది నుంచి గోళీల అట్ట తీసి మీ చేతిలో పెడతారు.

పిలుపు విషయం కూడా ఇక్కడే చెప్పేస్తాను. పేషెంట్లు మిమ్మల్ని మొదటి రోజే డాక్టరు బాబూ అని, డాక్టరమ్మా అని పిలుస్తారు. మీ తాత వయసున్న మనిషి మీకు దండం పెడతాడు. అలాంటి మనిషిని "ఏయ్ పెద్దాయనా, నువ్వు లే" అనడం చెవిన పడితే నేను సహించను. అమ్మా, పెద్దమ్మా, తాతా, అన్నా, ఏది నోటికొస్తే అది, కానీ మీరు అనే మర్యాదతో. వేరే రాష్ట్రాల నుంచి ఆల్ ఇండియా కోటాలో వచ్చిన పిల్లలు, మీకు తెలుగు ఇంకా పట్టుబడలేదని తెలుసు. తెలుగు వచ్చిన బ్యాచ్‌మేట్‌ను వెంటబెట్టుకుని కూర్చోండి. మూడు నెలలు అలా కూర్చుంటే ఏ క్లాసూ నేర్పనంత తెలుగు వచ్చేస్తుంది. తెలుగువాళ్లకు కూడా లంబాడీ తండాల నుంచి, గోండు గూడేల నుంచి వచ్చినవాళ్ల దగ్గర ఇదే అవసరం పడుతుంది.

ఇప్పుడు నాకు మనసుకు బాగా దగ్గరైన విషయం. వార్డుల్లో "మంచి కేసు" అనే మాట వింటారు. వినిపించే మర్మర్ (గుండెలో అదనపు చప్పుడు), చేతికి తగిలే స్ప్లీన్ (ప్లీహం), పొట్టలో నీరు, ఇలాంటివి ఉంటే మంచి కేసు. ఆ వార్త హాస్టల్‌కు చేరుతుంది, ముప్పై మంది వస్తారు. మైట్రల్ స్టెనోసిస్, అంటే గుండెలో ఒక కవాటం ఇరుకైన జబ్బు, ఉన్న ఒకావిడ ఉండేది, ముప్పై ఏళ్లు ఉంటాయేమో. ఎడమ వైపుకు ఒత్తిగిలితే, స్టెత్ బెల్ గుండె కొస మీద ఆన్చితే, పుస్తకంలో రాసినట్టే ఆ చప్పుడు వినిపించేది. పొద్దున్నుంచి ఒకరి తర్వాత ఒకరు. "ఇటు తిరుగమ్మా, ఊపిరి వదిలి పట్టుకోమ్మా." అసలే ఆయాసం ఉన్న మనిషి. ఎవరికీ కాదనలేదు. డాక్టర్లకు కాదంటే వైద్యం సరిగ్గా చేయరేమోనని ఆమె భయం.

అంతమందిలో ఒక అమ్మాయి మాత్రం ఆమె మంచం దగ్గరికి వెళ్లి స్టెత్ జేబులోనే ఉంచి, "తిన్నారా అమ్మా, ఇంకొంచెం సేపు పడుకుంటారా?" అంది. మధ్యాహ్నం మళ్లీ వచ్చింది. చిన్నప్పుడు గొంతునొప్పులు, కీళ్లవాపులు వచ్చాయని, ప్రతి 21 రోజులకూ పెన్సిలిన్ ఇంజెక్షన్ చేయించుకోమని డాక్టర్లు చెప్పారని ఆవిడ చెప్పింది. మరి ఎప్పుడు మానేశారు? పెళ్లయ్యాక. గుండెజబ్బు ఉందని అత్తింటికి తెలియకూడదని పుట్టింటివాళ్లు ఆపించారు. అలాంటి గొంతునొప్పుల వెంట వచ్చే రుమాటిక్ జ్వరం మళ్లీ మళ్లీ రాకుండా, కవాటం ఇంకా పాడవకుండా చూసేది ఆ ఇంజెక్షనే. మర్మర్ విన్నవాళ్లందరూ కవాటం ఎలా ఇరుకైపోయిందో చక్కగా చెప్పగలిగారు. ఇంజెక్షన్ ఎందుకు ఆగిపోయిందో తెలిసింది ఆ అమ్మాయికి. ఆ తర్వాత ఆ పేషెంటు భర్తను కూర్చోబెట్టి మాట్లాడాం. ఇంజెక్షన్లు మళ్లీ మొదలయ్యాయి.

కాబట్టి నా యూనిట్లో నియమం ఇది. ముట్టుకునే ముందు పేరు చెప్పి, విద్యార్థినని చెప్పి, అనుమతి అడగాలి. వద్దంటే థాంక్స్ చెప్పి వెళ్లిపోవాలి. అవసరమైనంత మేరే బట్ట తొలగించాలి, తెర వేయాలి. అసలు మీ మెడలో ఉన్న ఆ స్టెతస్కోపు పుట్టిందే అలాంటి మర్యాదలోంచి. 1816లో పారిస్‌లో లెనెక్ అనే డాక్టరుకు, ఒక యువతి ఛాతీకి చెవి ఆన్చి వినడం సభ్యత కాదనిపించింది. కాగితం గొట్టంలా చుట్టి దాంతో విన్నాడు. చెవి ఆన్చి విన్నదానికంటే బాగా వినబడింది.

లేబర్ రూమ్‌కు వెళ్లినప్పుడు ఈ మాటలన్నీ రెట్టింపుగా గుర్తుపెట్టుకోండి. అక్కడ నొప్పులు పడుతున్న మనిషి మీద ఎవరైనా కసురుకుంటుంటే మీరు వాళ్లను ఆపలేకపోవచ్చు. కానీ తలవైపు నిలబడి చెయ్యి పట్టుకోవడానికి, గుక్కెడు నీళ్లు పట్టించవచ్చా అని సిస్టర్‌ను అడగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆ చెయ్యి ఎవరిదో తల్లులు ఏళ్ల తరబడి చెప్పుకుంటారు.

చేతుల మాట వచ్చింది కాబట్టి ఇంకో విషయం. వియన్నా జనరల్ ఆస్పత్రిలో రెండు ప్రసూతి విభాగాలు ఉండేవి. ఒకదాంట్లో మంత్రసానులు శిక్షణ పొందేవాళ్లు, ఇంకోదాంట్లో మీలాంటి వైద్య విద్యార్థులు. విద్యార్థులున్న విభాగంలో బాలింతలు ఎక్కువగా చనిపోయేవాళ్లు. 1847లో సెమ్మెల్వైస్ అనే డాక్టరు కారణం పట్టుకున్నాడు. విద్యార్థులు, డాక్టర్లు పొద్దున శవపరీక్షలు చేసి, అవే చేతులతో వచ్చి గర్భిణులను పరీక్షిస్తున్నారు. క్లోరిన్ కలిపిన సున్నపు నీళ్లతో చేతులు కడగమన్నాడు. ఆ ఏప్రిల్‌లో నూటికి 18 మంది చనిపోయిన చోట, జూన్ నాటికి అది నూటికి ఇద్దరు దాకా తగ్గింది. ఆ కథలో జబ్బు మోసుకెళ్లినవాళ్లు విద్యార్థులన్నది ఎప్పుడూ మరవకండి. మీరు ఈ మంచం దగ్గర కూర్చుని లేచి ఆ మంచం దగ్గరికి వెళతారు. ఒక పేషెంటును ముట్టుకునే ముందు, ముట్టుకున్న తర్వాత చేతులు శుభ్రం చేసుకోవాలి. ఏప్రాన్ వారానికొకసారి కాదు, మాసినప్పుడల్లా ఉతకాలి. పేషెంటును ముట్టుకున్న చేత్తోనే ఫోన్ పట్టుకోకండి.

ఫోన్ గురించి ఒకే మాట. వార్డులో ఫొటోలు, రీల్స్, స్టేటస్‌లు వద్దు. పేషెంటు పేరు కనిపించే ఎక్స్‌రేను కూడా ఫొటో తీయవద్దు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల వివరాలు వాళ్ల అనుమతి లేకుండా బయటపెట్టకూడదని 2017లో చట్టమే వచ్చింది. మంచం పక్కన నిలబడి ఆ మాట పైకి అనడం కూడా బయటపెట్టడమే.

వార్డులో మొదటి మరణం మీరు ఈ ఆరు నెలల్లోనే చూస్తారు. నిన్న మీతో మాట్లాడిన మనిషే కావచ్చు. ఛాతీ నొక్కుతుంటారు, మానిటర్ మీద గీత చూస్తుంటారు, తర్వాత ఆపేస్తారు. ఒక నిమిషంలో పక్క బెడ్ దగ్గర మళ్లీ పని మొదలవుతుంది. ఆ వేగం చూసి మీకు కోపం రావచ్చు, అది సహజం. అప్పుడు మీరు చేయగలిగింది ఏమిటంటే, ఆ కుటుంబం దగ్గర నిలబడటం. "బెడ్ నంబర్ పద్నాలుగు ఎక్స్‌పైర్ అయ్యాడు" అని వాళ్ల ఎదుట అనకండి. ఆయన పేరుతో చెప్పండి. సర్టిఫికెట్ ఎక్కడ తీసుకోవాలో, బండి ఎలా దొరుకుతుందో వాళ్లకు తెలియదు. కనుక్కుని చెప్పండి. ఆ రాత్రి హాస్టల్లో నిద్రపట్టకపోతే మా తలుపు కొట్టండి. ఏడ్చినందుకు ఎవరూ మిమ్మల్ని తక్కువగా చూడరు, చూస్తే నాకు చెప్పండి.

సిస్టర్ల దగ్గర నేర్చుకోండి. ఏ పేషెంట్ రాత్రి కంగారుపడ్డాడో, ఎవరి మూత్రం తగ్గిందో వాళ్లకే ముందు తెలుస్తుంది. చిన్న పిల్లల చేతికి సెలైన్ ఎక్కించే క్యాన్యులా పెట్టడంలో మాలో చాలామందికంటే వాళ్ల చెయ్యే నయం. ఆయమ్మను పేరు పెట్టి పిలవండి, పక్కన గారు చేర్చండి.

రౌండ్స్‌లో మేము ప్రశ్నలు అడుగుతాం, కొన్నిసార్లు గట్టిగానే అడుగుతాం. స్ప్లీన్ చూశావా అంటే, చూడకపోతే చూడలేదనే చెప్పండి. చూడనిదాన్ని "నార్మల్" అని రాయడం ఈ వృత్తిలో అన్నిటికంటే ప్రమాదకరమైన అలవాటు, అది సరిగ్గా ఈ వయసులోనే పట్టుకుంటుంది. మీరు రాసిన ఆ ఒక్క మాట నమ్మి రాత్రి డ్యూటీ డాక్టరు పొట్ట పరీక్షించకుండా వదిలేయవచ్చు. పేషెంటు ఎదుట మిమ్మల్ని అవమానించే పద్ధతి మన దగ్గర ఇంకా పూర్తిగా పోలేదు. అది పోవాలి. నా రౌండ్స్‌లో అది ఉండదని మాట ఇస్తున్నాను.

చివరగా మీ ఒంటి సంగతి. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు పూర్తి కానివాళ్లు ఈ వారమే లిస్టులో పేరు రాయించండి. సున్న, ఒకటి, ఆరు నెలలకు మూడు డోసులు. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకండి, తెల్ల డబ్బాలో వేయండి. సూది గుచ్చుకుంటే వేలు పిండకండి, నోట్లో పెట్టకండి. సబ్బు, నీళ్లతో కడిగి వెంటనే క్యాజువాల్టీకి రండి. హెచ్‌ఐవీ రాకుండా వాడే మందు వీలైనంత త్వరగా, ఎంత ఆలస్యమైనా 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, 28 రోజులు వాడాలి. తిడతారని దాచుకున్న పిల్లలను నేను చూశాను. దాచకండి. అర్ధరాత్రి అయినా పీజీకి ఫోన్ చేయండి, పీజీ ఎత్తకపోతే నాకు చేయండి. నంబరు వార్డు నోటీసు బోర్డు మీద ఉంది.

రేపు తొమ్మిదికి 'ఎ' బ్యాచ్ ఫిమేల్ మెడికల్, 'బి' బ్యాచ్ మేల్ మెడికల్. టిఫిన్ తిని రండి, ఖాళీ కడుపుతో నిలబడి కళ్లు తిరిగి పడిపోతారు. మొదటి వారం కేస్ ప్రెజెంటేషన్ లేదు. ఒక్కొక్కరూ ఒక పేషెంటును ఎంచుకుని, ఆమె ఊరి నుంచి మన మంచం మీదకు ఎలా వచ్చిందో, దారిలో ఎక్కడెక్కడ ఆగిందో, ఎంత ఖర్చయిందో, ఇంటికెళ్లాక ఆమెను ఎవరు చూసుకుంటారో అడిగి రాసుకురండి. శనివారం అవే చదువుదాం. ఇప్పుడు ప్రశ్నలుంటే అడగండి.